ముప్పై ఏడు గడపలు

పై కమిటీ నుంచి పక్క తండా వాల్యా తలపాగా మడతలో దాచి తెచ్చిన చీటీ బుచ్చయ్య చేతికొచ్చి ఆ బుధవారానికి పదకొండు రోజులు. అందులో ఉన్నవి నాలుగే వరుసలు. మిలిటరీ దిగింది గనుక ఊరి సంఘం ఇక బయటికి కనిపించకూడదు. సభలు వద్దు, చాటింపులు వద్దు. దళానికి తిండి పెట్టే ఇళ్లు ఊరికి మూడు మించకూడదు. ఆ మూడిళ్లకు తప్ప దళం జాడ నాలుగో ఇంటికి తెలియకూడదు. కింద సంతకం లేదు. సంతకాలు పెట్టుకునే రోజులు కూడా పోయాయన్నమాట.

బుచ్చయ్య ఒకప్పుడు దొర గడీలో జీతగాడు. సంఘం పెట్టిన బడిలో ముప్పై ఏళ్లు దాటాక అక్షరాలు దిద్దాడు. అలా నేర్చుకున్నవాడికి రాతలో ఉన్నదంటే గురి ఎక్కువ. నర్మెట్టకు రెండు కోసుల దూరంలో నలభై గడపల రాళ్లవాగుపల్లెలో ఆ చీటీని అక్షరం పొల్లు పోకుండా అమలు చేసింది అతనే. ఒక్క పూటలో చేశాడు.

అంతకుముందున్న పద్ధతి వేరు. రెండేళ్లపాటు పెంటమ్మ గంప నెత్తిన పెట్టుకుని నలభై గడపలూ తిరిగింది. ఇంటికో జొన్న రొట్టె. లేనివాళ్లు సగం రొట్టె వేసేవారు. ఒక్క గడప మరిచిపోతే ఆ ఇంటామె మూడు రోజులు పెంటమ్మతో మాట్లాడేది కాదు. ఊళ్లోవాళ్ల రొట్టె, గూడెంవాళ్ల రొట్టె ఒక్క గంపలో పడటానికే సంఘానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది పడ్డ తిట్లన్నీ పెంటమ్మవే. అలాంటి గంపను బుచ్చయ్య అటుక ఎక్కించాడు. మూడు ఇళ్లు ఏరి, మిగతా ముప్పై ఏడు గడపలకూ ఇక మీకు పని లేదని చెప్పాడు. పైవాళ్లకు పెన్సిలు ముక్కతో అయిపోయే పని అది. చెప్పాల్సింది మాత్రం గడప ముందు నిలబడ్డవాడు. ఆ గడపలోని మనిషి మొహంలోకి చూడాల్సింది వాడే.

గుర్రాలగుట్ట మీద గుహలాంటి సొరికెలో దళంవాళ్లు ఆరుగురు దాగి ఉన్నారు. వాళ్లలో రాజయ్య పెంటమ్మ కొడుకు. గురువారం చీకటి పడగానే వాళ్లు కదలాలి. జఫర్‌గఢ్ పక్క నుంచి మానుకోట అడవిలో పడి, అక్కణ్నుంచి టేకుమట్ల దిక్కు నడిచి భూపాలపల్లి అడవి చేరుకోవాలి. నాలుగు రోజుల నడక. దారిలో ఏ ఊళ్లోనూ పొయ్యి వెలిగించే వీలు లేదు.

ఆ రొట్టెల సంగతి చూడటానికే బుధవారం మధ్యాహ్నం బుచ్చయ్య పెంటమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె పెనం ముందు కూర్చుని ఉంది. అతణ్ని చూసి లేవలేదు.

"ఎన్ని గావాలె?" అంది.

"ఆరుగురు, నాలుగు దినాల బాట. నువ్వే లెక్క జూస్కో చిన్నమ్మ."

"మూడు రాళ్ల మీద గంత పిండి ఎట్లొస్తది కొడుకా. గిది జూడు." అరచెయ్యి చాపింది. బొబ్బలు లేచి, చితికి, మళ్లీ లేచి ఉన్నాయి. "తెల్లారిందాక తిప్పుతున్న. పాట సుత వద్దంటివి. పాట లేకుంటే రాయి బరువైతది. నీకేమెరుక, నువ్వెన్నడన్న ఇసిరినవా?"

"పాటకు అందరి చెవులు ఇటే పడ్తయి."

"రెండేండ్లు పాడితే పడని చెవులు గిప్పుడు పడ్తయా?"

బుచ్చయ్య జవాబు చెప్పేలోగా గడప అవతల నుంచి మాట వినిపించింది.

"ఇంట్ల మనుషులున్నరా?"

రూతు గొంతు. పది రోజుల కింద అయితే ఆమె ఆ మాట అడిగేది కాదు. నేరుగా లోపలికొచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, ఆ తర్వాతే మాట్లాడేది. ఇప్పుడు గడప దాటకుండా, నడుముకు కొడవలి చెక్కుకుని, కొత్త ఊరికి వచ్చిన మనిషిలా నిలబడింది.

రూతుకు ముప్పై ఏళ్లుండవు. గూడెంలో చివరి ఇల్లు ఆమెది. రెండేళ్ల కింద రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు ఆమె భర్త ఏసోబు బురుజు మీద వడిసెల పట్టుకుని నిలబడి, అక్కడే పడిపోయాడు. ఆ రోజు నుంచి ఊరంతా ఆ ఇంటిని సంఘం ఇల్లు అనేవారు. బుచ్చయ్య ఏరిన మూడిళ్లలో ఆ ఇల్లు లేదు. రూతు తమ్ముడు దానేలు జనగామ దారిలో వేసిన మిలిటరీ క్యాంపులో వంటకు కుదిరాడు. అదీ అతను చెప్పుకున్న కారణం.

"పట్టపగలు ఎందుకొచ్చినవ్ చెల్లె," అన్నాడు బుచ్చయ్య.

"నీ దగ్గరికి రాలేదన్నా. పెద్దమ్మ దగ్గరికొచ్చిన." పెంటమ్మ వైపు తిరిగింది. "ఐతారం పొద్దుగూకంగ వచ్చి నీ తలుపు కొట్టిన. మూడుసార్లు కొట్టిన. నువ్వు లోపట్నే ఉన్నవు. నీ దగ్గు ఇనవడ్డది."

పెంటమ్మ రొట్టె తిరగేసింది. అది మాడిపోయి ఉంది.

"తియ్యొద్దన్నరు బిడ్డా."

"ఎవలు?"

పెంటమ్మ గదవతో బుచ్చయ్యను చూపించింది.

"అన్న చెప్పిండని నా మొకం మీద తలుపు పెట్టుకుంటివి. ఏసోబు పీనుగను కడిగింది నువ్వే గద పెద్దమ్మ."

"నా కొడుకు గుట్ట మీదున్నడే," అంది పెంటమ్మ.

బుచ్చయ్య మధ్యలోకి వచ్చాడు. "ఇండ్లు తగ్గించింది నేను గాదు చెల్లె. పైనుంచి పద్ధతి మారింది. నీ మీద అనుమానం గాదు."

"అనుమానం గాకుంటే మరేంది? మూడిండ్లు ఏరితివి. మూడు ఊర్లెనే ఏరితివి. గూడెంల ఒక్క ఇల్లు దొరకలేదా?"

"గూడెం రోడ్డుకు దగ్గర."

"రజాకార్లొచ్చిన్నాడు సుత రోడ్డుకు దగ్గర్నే ఉండె."

"నీ తమ్ముడు ఆళ్లకు వండిపెడ్తుండు గద."

"వండుతుండు. మీ వాల్యా బావమరిది ఆళ్ల గుర్రాలకు గడ్డేస్తుండు. వాల్యాను పక్కకు పెట్టినవా? వాడు లేకుంటే నీకు చీటీ రాదని ఊకున్నవు."

బుచ్చయ్య తల దించుకున్నాడు. ఈ మాట అతని బుర్రలో కూడా ఒకసారి మెదిలింది. మెదిలినప్పుడు అటు చూడకుండా వదిలేశాడు.

రూతు గొంతు తగ్గించింది. "కొట్లాడనీకి రాలే. ఇనున్రి. ఐతారం దానేలు ప్రార్థనకు వచ్చిండు. ఆనికి ఒక మాట చెవుల పడ్డది. గది చెప్దామని తిరుగుతున్న. గూడెంల ఎవలకు చెప్పినా మాకెందుకంటరు. మమ్ముల పక్కకు పెట్టిన్రు, మాకెందుకు అంటరు. నీ ఇంటికొస్తే నువ్వు దొరకవు. పెద్దమ్మ తలుపు తియ్యదు. మూడు దినాల సంది నా కడుపుల పెట్టుకోని తిరుగుతున్న."

"ఏం మాట?"

"రేపు బేస్తారం వస్తరు. లారీ వాగు అవతల్నే ఆపుతరట. చీకట్ల నడిచొచ్చి ఊరి మధ్యల నిలవడ్తరట. తలుపులు కొట్టరట, ఎవల్నీ పిలువరట. ఊకె నిలవడి ఇంటరట."

"ఏమింటరు?"

"ఇసుర్రాళ్లు."

పెంటమ్మ చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. కాలాక తీసింది.

"గంప తిరిగినన్నాళ్లు నలభై ఇండ్లల్ల పిడికెడు పిడికెడు ఎక్కువ ఇసిరినం," అంది రూతు. "ఎవలకు తెల్వలే. ఇప్పుడు ముప్పై ఏడిండ్ల రాళ్లు కోడి రెండోసారి కూసెటాల్లకు ఆగుతున్నయి. ఎవల గింజలు ఆళ్లకు గంతే. మూడిండ్ల రాళ్లు తెల్లారిందాక ఆగవు. పాట లేదు, మాట లేదు, రాయొక్కటే తిరుగుతది. పాట లేకుండ గంతసేపు ఇసిరేది ఎవలకోసం? చెవులున్నోనికి ఇంకేం గావాలె అన్నా?"

బుచ్చయ్య గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఊరు నిద్ర లేచే వేళ ప్రతి ఇంట్లో విసుర్రాయి తిరుగుతుంది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు అది. వినీ వినీ అతనికి వినిపించకుండా పోయింది. నలభై ఇళ్లలో కలిసిపోయి ఉన్నదాన్ని అతను వేరు చేసి, మూడిళ్లలో కుప్ప పోశాడు. దాచమంటే చాటింపు వేసి వచ్చాడు.

అక్కణ్నుంచే అన్నాడు. "అయితే రేపు మూడిండ్లల్ల ఇసురుడు బంద్ పెడదాం. ఉన్న పిండితోనే ఇయ్యాల కాలుద్దాం."

రూతు నవ్వింది. ఆ నవ్వులో నవ్వేమీ లేదు. "పది దినాల సంది తిరిగిన రాళ్లు రేపొక్క దినమే ఊకుంటే ఆళ్లకు సమజ్ గాదా? ఎవడో చెప్పిండంటరు. క్యాంపుల మన ఊరి మనిషి ఒక్కడే ఉన్నడు. దానేలును ఏం జేస్తరో నేను చెప్పాల్నా?"

"మరేం జెయ్యాలె?" అంది పెంటమ్మ.

"నలభై రాళ్లు తిరగాలె. తెల్లారిందాక తిరగాలె. గింజలు లేనోళ్లు ఉత్త రాయి తిప్పాలె."

బుచ్చయ్యకు చీటీలోని నాలుగు వరుసలూ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఊరంతటికీ చెప్పడమంటే వాటిని చింపి పొయ్యిలో పెట్టడమే. పైవాళ్లకు తెలిస్తే సంఘంలోంచి తీసేస్తారు. అది పెద్ద సంగతి కాదనుకున్నాడు. అడగాల్సింది ఇంకొకటి ఉంది.

"రాళ్ల సంగతి క్యాంపుల ఎవడు చెప్పిండు?"

"పేరు దానేలుకు తెల్వదు. మన ఊరోడే. గంత సక్కగ ఊరోడే చెప్తడు. ముప్పై ఏడిండ్లల్ల ఎవలో ఒకలు." ఆమె అతని కళ్లలోకి చూసింది. "ఒక్కణ్ని ఆపనీకి ముప్పై ఏడు మందిని తయారు జేసుకుంటివి."

"అంటే వాని ఇంటికి సుత పోవాలె. వానికి సుత చెప్పాలె. ఊరుకు ముందుగాల తెలిసిందని వాడు మళ్ల క్యాంపుకు చేరేస్తే?"

"చేరేస్తే నా తమ్ముడు పోతడు."

"గదే అంటున్న చెల్లె. అనుమానం ఉన్న ఇండ్లు నాలుగైదు ఇడిచిపెట్టి, తక్కినోళ్లకు..."

"మళ్ల ఏరుతున్నవా?" అంది రూతు. గొంతు పెంచలేదు. "ఆ నాలుగిండ్లు ఊకుంటయి, తక్కినయి తిరుగుతయి. అప్పుడు ఆ నాలుగిండ్లోళ్లకు ఏం తెలుస్తది? ఎవలికి చెప్పిండ్రు, ఎవలికి చెప్పలే అని తెలుస్తది. ఒక్క గడప ఇడిచినా ఇదే కత మళ్ల మొదలు. పోతే అన్నిటికి పో. లేకుంటే ఇంట్ల పండుకో."

"నీ తమ్ముడు రూతమ్మా."

"నా తమ్ముడే. గందుకే ఇంత జల్ది చెప్తున్న. నీ తమ్ముడైతే నువ్వు కమిటీని అడిగి చెప్దువు."

పెంటమ్మ లేచింది. అటుక మీదికి నిచ్చెన వేసి, గంప దించి, దుమ్ము దులిపి బుచ్చయ్య ముందు పెట్టింది. అడుగున పాత రొట్టె ముక్క ఒకటి ఎండి అతుక్కుని ఉంది.

"నెత్తిన పెట్టుకో."

"నేనా? ఊకె నోటితోని చెప్పొస్త చిన్నమ్మ."

"నోటితోని చెప్పే కదరా ఇంత దాక తెచ్చినవు. చీటీ మొగోడు రాసిండు, మొగోడు తెచ్చిండు, మొగోడు సదివిండు. గంప సుత మొగోడే మొయ్యాలె."

అంతదాకా గడప అవతలే నిలబడ్డ రూతు అప్పుడు లోపలికొచ్చింది. కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. కొడవలి సర్దుకుని వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా బుచ్చయ్య గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. ఊళ్లో మగవాడు ఆ గంప మోయడం ఎవరూ చూడలేదు. మొదటి వాడలోనే ఎవరో అరుగు మీద నుంచి అన్నారు.

"గంప బాగనే ఉన్నది బుచ్చన్నా. చీరేదీ?"

నవ్వనిచ్చాడు. నవ్వు అయిపోయేదాకా నిలబడి, చెప్పాల్సింది చెప్పాడు. రొట్టెలు వద్దు. గింజలు వద్దు. రేపు చీకటితో లేచి, తెల్లారేదాకా రాయి ఆపకుండా తిప్పాలి. ఎందుకో అడగొద్దు. పది రోజుల కింద తాను చేసింది తప్పు. ఈ నాలుగు ముక్కలూ ప్రతి గడప ముందూ అవే మాటల్లో చెప్పాడు. ఒక ఇంటి ముందు ఎక్కువా, ఒక ఇంటి ముందు తక్కువా కాకుండా.

ఒక ముసలాయన ఆసాంతం విని, "సంఘం ఇంక ఉన్నదా? పోయిందనుకున్నం," అని చుట్ట ముట్టించుకున్నాడు. ఒక ఇంట్లో మంచినీళ్లు ఇచ్చారు గానీ మాట ఇవ్వలేదు. ఇంకో ఇంటి తలుపు అతను దగ్గరికి రాకముందే మూసుకుంది. మూసిన తలుపుకే చెప్పి వచ్చాడు. ప్రతి మొహంలోనూ చూశాడు. వీడేనా, వీడేనా అనుకుంటూ చూశాడు. వాళ్లు కూడా అతణ్ని అలాగే చూశారు. పది రోజుల్లో ఒక ఊరు ఈ చూపులు నేర్చుకుంది. ఆ రెండేళ్లలో నేర్చుకున్నవన్నీ ఎటు పోయాయో.

నర్సమ్మ వాకిట్లో మాత్రం ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చింది. గంప తిరిగే రోజుల్లో అందరికంటే పెద్ద రొట్టె ఆ ఇంటిది. ఒక రొట్టె కాదు, ఎప్పుడూ రెండు వేసేది. నిన్ను ఏరలేదని చెప్పిన రోజున ఆమె బుచ్చయ్యను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి అతని నీడ పడితే పక్కకు తప్పుకునేది.

"ఇంట్ల గింజ లేదు," అంది నర్సమ్మ.

"ఉత్త రాయే తిప్పు అక్కా. చప్పుడు చాలు."

"ఉత్త రాయి తిప్పితే గంట్లు అరిగిపోతయి. మళ్ల గంట్లు ఎవలు కొట్టిస్తరు, మీ కమిటీనా?"

"నేను కొట్టిస్త."

"నువ్వు రేపు ఉంటవా?"

అతను గంపను నెత్తి మీద సర్దుకున్నాడు.

"నా రొట్టెల ఇసం గలుపుతననుకుంటివా బుచ్చయ్యా?"

"అనుకోలే."

"మరేమనుకుంటివి?"

"ఏమీ అనుకోలే అక్కా. గదే తప్పు. మూడిండ్లు అనంగనే, దగ్గరున్న మూడు తీస్కున్న. మీ అందరి గురించి ఒక్క నిమిషం సుత అనుకోలే."

నర్సమ్మ కళ్లు ఒక్కసారి చెమ్మగిల్లాయి. వెంటనే తుడిచేసుకుంది. "పో. చెప్పినవు గద, ఇన్న," అని లోపలికి వెళ్లింది. తిప్పుతానని అనలేదు. తిప్పనని కూడా అనలేదు.

చివరి గడప రూతుది. ఆమె గంపలో ఒక రొట్టె వేసింది. నలభై గడపలు తిరిగితే ఒకే ఒక్క రొట్టె.

గురువారం తొలికోడి కూసేసరికి బుచ్చయ్య కల్లంలోని చొప్పకుప్పలో దూరి కూర్చున్నాడు. అక్కణ్నుంచి ఊరి నడివీధీ కనిపిస్తుంది, గూడెం కూడా కనిపిస్తుంది. రాళ్లు మొదలయ్యాయి. పెంటమ్మ ఇంట్లో, ఆ పక్కన, ఆ వెనక. ఊరంతా తిరుగుతున్నాయి. రోజూ అంతే, తొలి జామున అన్నీ తిరుగుతాయి. అది చూసి సంబరపడేంత అమాయకుడు కాదతను. రెండోకోడి కోసం ఆగాడు.

కోడి కూసింది.

వాగు వైపు వీధి చివర ఒక రాయి ఆగింది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత ఒకేసారి నాలుగైదు. బుచ్చయ్య కళ్లు మూసుకుని విన్నాడు. పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఒక్కొక్క గదిలో దీపం ఆర్పినట్టు రాళ్లు ఆగిపోతున్నాయి. నర్సమ్మ ఇంటి రాయి ఇంకా తిరుగుతోంది. అదొక్కటి తిరిగితే చాలు, ఆమెను చూసి పక్కింటివాళ్లు తిప్పుతారనుకున్నాడు. అదీ ఆగింది.

వీధిలో బూట్లు. చాలా మెల్లగా పడుతున్నాయి. పది మందికి పైనే ఉన్నారు. ముందు ఒక లాంతరు. లాంతరు పట్టుకున్నవాడి నడుముకు వంటింటి గుడ్డ ఇంకా కట్టే ఉంది. దానేలు.

నడివీధిలో ఆఫీసరు చెయ్యెత్తాడు. అందరూ ఆగారు. అతను తల వంచి విన్నాడు.

మూడు రాళ్లు తిరుగుతున్నాయి. పెంటమ్మది ఒకటి, ఊళ్లోవే మరో రెండు. వాటికి దూరంగా గూడెం చివర నాలుగోది. గింజ లేని రాయి, రాతి మీద రాయి గీసుకుంటూ, మూడిటినీ మింగేసేంత గట్టిగా మోగుతోంది. రూతు దాన్ని తిప్పడం లేదు, కొడుతోంది. చెవులన్నీ తన వైపు తిప్పుకోవడానికే కొడుతోందని బుచ్చయ్యకు అర్థమైంది.

ఆఫీసరుకు కావలసింది దొరికింది. గూడెం వైపు వేలు చూపించి, అది ఎవరి ఇల్లని దానేలును అడిగాడు.

"యే కిస్కా ఘర్ హై?"

దానేలు లాంతరు పైకెత్తాడు. ఆ వెలుతురులో అతని పెదవులు కదలడం బుచ్చయ్యకు కనిపించింది. మాట ఇంకా బయటికి రాలేదు.

అప్పుడు వాళ్ల వెనక, నర్సమ్మ ఇంట్లో, ఆగిపోయిన రాయి, గూడెం వైపున్న చెవులన్నిటినీ వెనక్కి లాగుతూ, ఒక్క చుట్టు తిరిగింది.

తిరిగి, ఆగింది.